పులి బొమ్మ లేని జెర్సీ

సంక్రాంతి టోర్నమెంట్ల ముందు తిరుపతిలో ఏ జెర్సీ ప్రింటింగ్ షాపుకెళ్లినా ఒకటే సీను. గోడకు వేలాడే శాంపిల్స్ అన్నింటి మీదా పులో సింహమో నోరు తెరుచుకుని ఉంటుంది, దాని వెనక మంటలు, మంటల వెనక మెరుపులు, నీలంలోంచి ఊదాలోకి జారే షేడు, చేతుల మీద స్పాన్సర్ అన్నల పేర్లు, పొట్ట మీద ఏదో వెంచర్ ఫోన్ నంబరు. ఆడేవాడి పేరు వీపు మీద ఉంటుంది గానీ ఆ రంగుల్లో అది కనపడితే ఒట్టు. దూరం నుంచి చూస్తే పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి లేచి బౌలింగ్‌కి పరిగెత్తుకొస్తున్నట్టే ఉంటుంది. అలా ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు, చాలా చోట్ల ఫ్లెక్సీ డిజైన్ చేసే కుర్రాడే జెర్సీ కూడా చేస్తాడు, అదే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్, అవే ఫైళ్లు, అదే పులి.

ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదు. పాత స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కట్టాలి, రంగు పెరిగితే డబ్బులు పెరుగుతాయి, అందుకని టీములన్నీ రెండు రంగులతో సరిపెట్టుకునేవి. ఇప్పుడంతా సబ్లిమేషన్. డిజైన్‌ని ముందు కాగితం మీద ప్రింట్ తీసి, తెల్ల పాలిస్టర్ గుడ్డ మీద పరిచి, దాదాపు 200 డిగ్రీల వేడితో ప్రెస్ చేస్తారు. ఆ వేడికి ఇంకు ఆవిరై నేరుగా దారంలోకే దిగిపోతుంది కాబట్టి ఎన్ని ఉతుకులైనా పెచ్చులు లేవదు. దీంట్లో రెండు రంగులకైనా ఇరవై రంగులకైనా రేటు ఒకటే. ఫ్రీగా వచ్చేదాన్ని వద్దనేవాడెవడు చెప్పండి, అన్నీ వేసేయమంటాం.

నాకేమో హద్దు ఉన్నప్పుడే స్టైల్ పుడుతుందనిపిస్తుంది. 1992 వరల్డ్ కప్ జెర్సీలు చూడండి. వరల్డ్ కప్‌లో రంగు బట్టలు వేసుకోవడం అదే మొదటిసారి. అన్ని జట్లకూ ఒకే నమూనా, భుజాల మీద అవే చారలు, మారేది అసలు రంగొక్కటే. మనది ముదురు నీలం. ఆ టోర్నీలో మనం గెలిచింది రెండే రెండు మ్యాచ్‌లు, అయినా ఇవాళ్టికీ పాత ఇండియా జెర్సీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అదే. ఆ జట్టు కెప్టెన్ మన హైదరాబాద్ అజరుద్దీన్. అందరిలాంటి చొక్కానే వేసుకుని, కాలర్ మాత్రం పైకెత్తేవాడు. అంతే, ఇంకేం చేయలేదు. బౌండరీ అవతల కూర్చున్నవాడికి కూడా ముఖం చూడక్కర్లేకుండా ఎవరో తెలిసిపోయేది. పదకొండు మందీ ఒకేలా ఉన్నారు కాబట్టే ఆ కాలర్ అంత దూరం కనపడింది, తలా ఒక వేషం వేసుకుని ఉంటే ఎవరికి పడుతుంది దాని గోల.

బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు పసుపు జెర్సీ కథ కూడా ఇలాంటిదే. 1950 వరల్డ్ కప్‌లో సొంతగడ్డ మీద, మరకానా స్టేడియంలో, ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడిపోయారు. అప్పుడు వాళ్లవి తెల్ల జెర్సీలు. ఆ ఏడుపు అంత తేలిగ్గా తగ్గుతుందా, చివరికి ఆ తెలుపునే వదిలేసి కొత్త డిజైన్ కోసం 1953లో ఒక పేపరు పోటీ పెట్టింది. షరతు ఒక్కటే, జెండాలోని నాలుగు రంగులూ ఉండాలి. ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు కలిపి వేసుకుంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించుకోండి. అల్దిర్ గార్సియా ష్లీ అని పంతొమ్మిదేళ్ల కుర్రాడు పసుపు చొక్కాకి ఆకుపచ్చ అంచు పెట్టి, నీలాన్ని నిక్కరుకీ తెలుపుని సాక్సుకీ పంపేశాడు. లెక్క తేలిపోయింది. తమాషా ఏంటంటే ఉరుగ్వే సరిహద్దు ఊర్లో పుట్టిన ఆ మనిషి అభిమానించింది ఉరుగ్వే జట్టునేనట!

రచ్చ రంగులు నచ్చేవాళ్లు మెక్సికో గోల్‌కీపర్ హోర్హే కాంపోస్‌ని చూపించి నాతో గొడవ పడొచ్చు. 1994 వరల్డ్ కప్‌లో తన జెర్సీలు తనే డిజైన్ చేసుకుని వేసుకున్నాడు, అన్నీ కళ్లు చెదిరే గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులు, పైగా మనిషి చిన్నవాడు, చొక్కా వదులు. నాకూ అవి ఇష్టమే. అయితే గోల్‌కీపర్ మిగతావాళ్లకంటే వేరే రంగు వేసుకోవాలని ఆట రూలే చెబుతుంది, ఆ ఒక్క సందులోంచే దూరాడు. మిగతా పదిమందీ అలాగే వేసుకొచ్చి ఉంటే ఆయన్ని పట్టించుకునేవాళ్లు కారు.

ఇక మన టీముల్లో అసలు యుద్ధం డిజైన్ దగ్గర కాదు, నంబర్ల దగ్గర. 7 ముగ్గురికి కావాలి, 18 నలుగురికి. "ఏడు నాకే కావల్లన్నా, లేకుంటే నేను ఆడనంతే" అని వికెట్‌కీపర్ అలుగుతాడు, ఇంకోడికి 07, మరోడికి 77 ఇచ్చి రాజీ చేస్తాం. ధోనీ 7ని ఇంకెవరికీ ఇవ్వకూడదని బీసీసీఐ అనుకుంది గానీ చంద్రగిరిలో వింటారా ఎవరైనా!

నా వాదన ఎక్కడ పని చేయదో కూడా చెప్పాలి. చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండుగలో. ఎద్దుల కొమ్ములకు రంగులేసి పలకలు కడతారు, వాటి మీద దేవుడు, హీరో, నాయకుడు, ఎవరి అభిమానం వాళ్లది, అంచులకు పూలు, కాగితాలు. ఎద్దు గుంపులోంచి దూసుకొస్తుంటే కుర్రాళ్లు మీదపడి ఆ పలకని లాక్కోవాలి. అక్కడ ఎంత ఎక్కువుంటే అంత బాగుంటుంది, ఎందుకంటే ఆ పలకే బహుమతి, లాక్కోవాలనిపించేలా ఉండాలి కదా. జెర్సీ పని అది కాదు, మీదకొచ్చే బంతి వైపు పరిగెత్తేటప్పుడు మనవాడెవడో పక్కవాడు ఓ చూపులో పోల్చుకోవాలి.

ఈసారి మా టీముకి జెర్సీ వేయించే బాధ్యత నా మీద పడింది. నాకు మొదట తట్టింది శ్రీకాళహస్తి కలంకారీ. పక్కనే ఉన్న కళ, జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరిదేనన్న భౌగోళిక గుర్తింపు, కూడా ఉంది. వెదురు కలంతో గీస్తారు. బెల్లం, ఇనుప తుక్కు నానబెట్టి చేసే నలుపు, కరక్కాయ, పాలలో తడిపిన గుడ్డ మీద పడగానే ముదురుతుంది, ఆ గీత అంచు దగ్గర కాస్త వణికినట్టు ఉంటుంది చూశారా, నాకు కావాల్సింది అదే. చిక్కేంటంటే ఆ రంగులు పట్టేది నూలు గుడ్డకి, సబ్లిమేషన్ పట్టేది పాలిస్టర్‌కి. నూలు జెర్సీ వేసుకుని మే ఎండలో ఫీల్డింగ్ చేస్తే చెమటకి తడిసి ఒంటికి అతుక్కుంటుంది. గీసిన బొమ్మని స్కాన్ చేసి పాలిస్టర్ మీద ప్రింట్ కొట్టొచ్చు, కానీ దాన్ని కలంకారీ అని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు, చేత్తో గీసేవాళ్ల పొట్ట కొట్టినట్టుంటుంది.

అందుకని ఇలా అనుకుంటున్నా. మైదానంలో వేసుకునేది పాలిస్టరే, ఇటుక ఎరుపు మీద వీపున తెల్లటి పెద్ద నంబరు, ఛాతీ మీద చిన్న అక్షరాల్లో ఊరి పేరు, తెలుగులో. కాలర్ తప్పకుండా ఉండాలి, రౌండ్ నెక్ వద్దు, ఎత్తుకునేవాడు ఎత్తుకుంటాడు. ఫైనల్‌కి చేరితే ప్రైజుల టైములో మెడలో వేసుకోవడానికి నూలు కండువాలు, అవి మాత్రం కాళహస్తిలో గీయించినవి, గీసినవాళ్లకి డబ్బు ముందే ఇచ్చి. స్పాన్సర్ అన్న పేరు చేతి మీద ఒక్కచోటే వేస్తామంటే ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ఆదివారం మళ్లీ కలవాలి.