మిల్లీమీటరు అటూ ఇటూ

నిద్ర పట్టట్లేదు. అమ్మ వాలిన రెప్ప సంగతే.

ఇవాళ డాక్టరు అమ్మ కనుబొమని బొటనవేలితో అదిమిపట్టి, కిందకి చూడమని, పైకి చూడమని స్కేలు పెట్టాడు. రెప్ప 13 మిల్లీమీటర్లు కదిలింది. కండరం బాగానే ఉందట, దాని పట్టే జారిందట. కంటిపాప నడుమ నుంచి పైరెప్ప అంచుకి మామూలుగా 4, 5 మిల్లీమీటర్లుండాలి, అమ్మ కుడికంటికి ఒకటిన్నరే. ఇంత కొలిచిన మనిషిని "ఆపరేషనయ్యాక రెండూ సమానంగా ఉంటాయాండీ?" అనడిగితే, "ఉండొచ్చు. మిల్లీమీటరు అటూ ఇటూ కావచ్చు, మళ్ళీ సరిచేయాల్సి రావచ్చు" అన్నాడు. జాకెట్టు కుట్టే మా టైలరు కూడా ఇన్ని 'చ్చు'లు వాడడు! గంటస్తంభం దాటేదాకా ఆటోలో సణుగుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం తల వెనక్కి వాల్చి, రెప్ప కింద నుంచి దుకాణాలు చూస్తూ కూర్చుంది.

అమ్మమ్మా అంతే. మా విజయనగరం పైడితల్లమ్మ జాతరలో, పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, అదే సిరిమాను, తిరిగే రోజు ఎడమచేత్తో నా జబ్బ పట్టుకుని, కుడిచేతి చూపుడువేలితో రెప్పని ఎత్తి పట్టుకునేది. గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది కదా, మూడుసార్లూ అలాగే. చెయ్యి నొప్పెడితే మధ్యలో దించేది. జనం విసిరిన అరటిపండొకటి భుజానికి తగిలినా వేలు తియ్యలేదు. ఇంటికొచ్చాక చూస్తే రెప్ప మీద పసుపు మరక. ముసలితనంలే అనుకున్నాం, ఎవరికీ చూపించలేదు.

ఆటోలో కోపంలో ఒకటి మర్చిపోయాను. డాక్టరు అమ్మ కుడిరెప్పని వేలితో ఎత్తితే ఎడమరెప్ప దానంతటదే కాస్త దిగింది! మెదడు రెండింటికీ ఒకే ఆజ్ఞ పంపుతుందట. కుడిది బాగైతే ఎడమది వాలొచ్చట. కంటి వరకే మత్తిచ్చి, మధ్యలో లేపి కూర్చోబెట్టి కళ్ళు తెరవమంటారు గానీ, అప్పుడూ మత్తూ వాపూ మోసం చేస్తాయట. ఇన్ని జరుగుతుంటే ఖాయంగా చెప్పేవాణ్ణే అనుమానించాలేమో. అలాగని డాక్టరు ఆ విసుగు ముఖం పెట్టక్కర్లేదు, అది వేరే.

ఇందాక చంటోడి స్కేలు తెచ్చి, ఫోను లైటు వేసి అమ్మ కన్ను నేనూ కొలిచాను. ఒకసారి 2, ఒకసారి 1, మూడోసారి దాదాపు 3.

"ఏటే, పొద్దున ఆయన కొలిసింది సాల్లేదా? లైటాపి పడుకో."