చర్చికి ఎవ్వలు వస్తలేరా బిడ్డా?

అల్వాల్‌లో ఉండే మా పెద్దమ్మ ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, వందనాలు కూడా చెప్పకుండానే, "ఏం బిడ్డా, చర్చికి ఎవ్వలు వస్తలేరా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఆ రోజు హాలు నిండిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. ఎందుకట్లా అడుగుతున్నవ్ అంటే, "ఆ ముగ్గురే పాడుతున్నరు గదా, ఇంకెవ్వల గొంతు ఇనపడ్తలేదు" అంది.

తుంటి ఎముక విరిగినప్పటి నుంచి పెద్దమ్మ మంచం మీదే. చర్చి అంటే ఇప్పుడు ఆమెకు యూట్యూబ్ లైవ్. మనవరాలు తన పాత ఫోన్‌ను నీళ్ళు నింపిన స్టీలు గ్లాసుకు ఆనించి పెడుతుంది (ఖాళీ గ్లాసైతే జారిపోతుందట), పెద్దమ్మ తెల్ల చీర కట్టుకుని, దిండుకు చేరగిలబడి, తొమ్మిదిన్నర కల్లా సిద్ధంగా ఉంటుంది. కానుక కవరు కూడా పక్కనే పెట్టుకుంటుంది. అంత సిద్ధంగా ఉన్న మనిషికి నేను పంపించింది ముగ్గురి గొంతులు.

నేను పంపించింది అని ఎందుకంటున్నానంటే, మా సంఘంలో సౌండ్ చూసేది నేనే. మల్కాజిగిరిలో ఒక బిల్డింగ్ రెండో అంతస్తు మాది, కింద టైలర్ షాపు, ఎదురుగా అపార్ట్‌మెంట్లు. లైవ్‌కు వెళ్ళే సౌండ్ మిక్సర్ (మైకుల, వాద్యాల సౌండ్లన్నీ కలిపే పెట్టె) నుంచి తీగలో నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్తుంది. మిక్సర్‌లోకి వచ్చేది మైకు ముందు ఉన్నది మాత్రమే: పాట నడిపించే బ్రదర్, కోరస్ పాడే ఇద్దరు చెల్లెళ్ళు, కీబోర్డు, ప్యాడ్స్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, గిటారు. కుర్చీల్లో కూర్చున్న రెండు వందల మంది ముందు మైకు ఉండదు. అంటే నా మిక్సర్ లెక్కలో వాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే, ఆ సౌండ్ అంత క్లీన్‌గా వస్తున్నందుకు నేను లోపల్లోపల గొప్పగా ఫీలయ్యేవాణ్ణి, పక్క చర్చిల తమ్ముళ్ళు వచ్చి సెట్టింగులు ఫోటో తీసుకుని వెళ్ళేవాళ్ళు కూడా.

ఆ రాత్రి పెద్దమ్మ మాట వదల్లేదు. బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 19వ వచనం మా వర్షిప్ టీం ప్రాక్టీసులో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. "ఒకనినొకడు కీర్తనలతోను సంగీతములతోను ఆత్మసంబంధమైన పాటలతోను హెచ్చరించుచు" అని మొదలవుతుంది. చదివిన ప్రతిసారీ కీర్తన అంటే ఏది, సంగీతం అంటే ఏది, ఆత్మసంబంధమైన పాట అంటే కొత్త పాటేనా అని వాదించుకునేవాళ్ళం. మొదటి మాట దగ్గర మాత్రం ఎవరం ఆగలేదు. ఒకనినొకడు. పాట దేవుడికే అనుకుంటాం, ఆ వచనం చివర్లో "ప్రభువునుగూర్చి" అని ఉంది కూడా, కాదనను. కానీ పౌలు ముందు రాసింది పక్కవాడి గురించి. నేను పాడేది నా పక్క కుర్చీ మనిషికి వినపడాలి, అతను పాడేది నాకు వినపడాలి.

ఇక ఆ "హెచ్చరించుచు". గ్రీకులో పౌలు వాడిన మాటకు మామూలు అర్థం మాట్లాడుకోవడమే, పాటలతో ఒకరితో ఒకరు మాట్లాడుకోండి అని. మన అనువాదకులు హెచ్చరించుచు అని పెట్టారు. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే సిగరెట్ పెట్టె మీద ఉండేదే గుర్తొస్తుంది గానీ, పూర్వం రాజు కొలువుకు నడిచి వస్తుంటే ముందు నడిచేవాళ్ళు "హెచ్చరిక, పరాకు" అని పలికేవాళ్ళు. ఏమరుపాటుగా ఉండకండి, వస్తున్నాడు అని చెప్పడం అది. మన సంగీతంలో హెచ్చరిక పేరుతో పాటల తరహాయే ఉంది. అలా చూస్తే అనువాదకుల మాటే నాకు ఎక్కువ నచ్చింది. వారమంతా ఆఫీసు టెన్షన్‌లో కునికిన మనిషిని పక్కవాడి పాట తట్టి లేపడం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. క్రీస్తు శకం 112 ప్రాంతంలో బితూనియ (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) గవర్నరుగా ఉన్న ప్లినీ, ఈ క్రైస్తవులను ఏం చేయమంటారని రోమా చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. వాళ్ళు ఏం చేస్తారో విచారించి రాసిన మాటల్లో ఒకటి: ఫలానా రోజున తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడన్నట్టుగా ఒకరికొకరు మార్చి మార్చి పాట పలుకుతారు. విశ్వాసి కాని అధికారి, ఇద్దరు దాసీలను హింసపెట్టి మరీ విచారించినవాడు, అతని చెవికి కూడా ఆ "ఒకరికొకరు" పడింది. మైకు పట్టుకుని కూర్చున్న నాకు పడలేదు.

పాత పద్ధతే పవిత్రం, కీబోర్డు వచ్చి ఆరాధన పాడైపోయింది అనేవాళ్ళ వైపు నేను లేను. హార్మోనియం మన పూర్వికుల వాద్యం అన్నట్టు మాట్లాడతారు గానీ అది 1840ల్లో పారిస్‌లో పుట్టిన యంత్రం. కాలితో తొక్కే ఆ పెట్టెను కింద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టుకునేలా మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్. గమకాలు పలకవు, మన రాగాలకు పనికిరాదు అని ఆకాశవాణి 1940లో దాన్ని బయటపెట్టి 1971 దాకా రానివ్వలేదు. ఈ రోజు ఐ-ప్యాడ్ మీద లూప్స్ (ముందే రికార్డు చేసిన వాద్యాల ముక్కలు) నడిపే తమ్ముణ్ణి ఏమంటున్నారో అప్పుడు ఆ పెట్టెనూ అదే అన్నారు. ఇక బ్యాండ్ అనగానే, మీ పాటల ధ్వని నాకొద్దు అనే ఆమోసు 5:23 చూపించేవాళ్ళు, న్యాయం నీళ్ళలా పారాలి అనే తర్వాతి వచనం కూడా చదివితే బాగుంటుంది, ఆ ప్రవక్త గొడవ స్వరమండలంతో కాదు, బీదవాణ్ణి తొక్కుతూ స్వరమండలం మీటేవాళ్ళతో.

అయితే యంత్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో నాకు బాగా తెలిసొచ్చింది 2020లో. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, ఆ వారంలోనే లాక్‌డౌన్, ఏప్రిల్ 12న ఈస్టర్. నలభై కుటుంబాలు జూమ్‌లో చేరాం. మా పాస్టరు అయ్యగారు ఉత్సాహం ఆపుకోలేక "అందరూ మైకులు ఆన్ చేసుకోండి, కలిసి పాడదాం" అన్నారు. ఒకరి పల్లవి మీద ఇంకొకరి పల్లవి, మధ్యలో తెగిపోతూ, జూమ్ ఏదో ఒక గొంతు పట్టుకుని మిగతావాటిని నొక్కేస్తూ, ఆ గోలలో అన్నిటికంటే స్పష్టంగా వినపడింది ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. కలిసి పాడేవాళ్ళ మధ్య ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటితే తాళం జారిపోవడం మొదలవుతుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ లెక్కన పది మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. ఇంటర్నెట్ కాల్‌లో 100 దాటడం మామూలే. కలిసి మాట్లాడుకోవచ్చు, ప్రార్థించుకోవచ్చు, కలిసి పాడటం మాత్రం కుదరదు. "అందరూ మ్యూట్ చేసుకోండి" అని ఆ ఏడాది నేను చెప్పినన్నిసార్లు ఆమేన్ కూడా చెప్పి ఉండను.

తర్వాత హాలు తెరిచాం. పెద్దమ్మ ఫోన్ వచ్చేదాకా ఆ మ్యూట్ తీసేశామనే అనుకున్నాను.

మర్నాడు ఆఫీసు నుంచి అటే కోఠి వెళ్ళాను. గుజరాతీ గల్లీలో ఏ షాపుకెళ్ళినా ముందు "చర్చి కోసమా?" అని అడుగుతారు, మన ముఖం చూస్తే తెలిసిపోతుందేమో. ఒక చిన్న కండెన్సర్ మైకు, పదిహేను మీటర్ల కేబుల్ కొన్నాను. శనివారం రాత్రి నిచ్చెనేసి హాలు మధ్యలో స్లాబు కొక్కేనికి వేలాడదీశాను, ఫ్యాను గాలి తగలకుండా స్పాంజి తొడిగి, దాన్ని లైవ్‌లోకి మాత్రమే పంపి, హాల్లో స్పీకర్లలోకి రాకుండా చూసుకున్నాను, లేకపోతే కూత పెడుతుంది. ఇప్పుడు చూడాలి పెద్దమ్మ ఏమంటుందో అనుకున్నాను.

ఆదివారం రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మైకు రికార్డింగ్ ఒక్కదాన్నే విన్నాను. కుర్చీ ఈడ్చిన చప్పుడు, ఒక పిల్లాడి ఏడుపు, ప్యాడ్స్ మోత. పల్లవి దగ్గర జనం గొంతు కొంచెం. చరణం మొదలవగానే అదీ లేదు. రెండో చరణానికి ఆవిడెవరో పక్కావిడతో గ్యాస్ బుకింగ్ గురించి మాట్లాడుతోంది, స్పష్టంగా వినపడింది. మళ్ళీ పల్లవికి గొంతులు. ఆరు పాటలూ ఇంతే. రెండు వందల మంది వచ్చారు, నిలబడ్డారు, చప్పట్లు కొట్టారు, పాడలేదు. పెద్దమ్మ అడిగింది తప్పేం కాదన్నమాట.

పాట నడిపించే బ్రదర్‌కు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే ఆయన చెవుల్లో ఇయర్ మానిటర్స్ ఉంటాయి. వాటిలో ఆయనకు కీబోర్డు, తన గొంతు, టిక్ టిక్ మనే క్లిక్, అంతే. వాటిని పట్టుబట్టి కొనిపించింది నేనే, స్టేజీ మీద మానిటర్ స్పీకర్ల మోత తగ్గుతుందని. మా చిన్నప్పుడు తబలా వాయించే అంకుల్ సంఘం ఊపిరి తీసుకునే చోట ఒక దెబ్బ ఆలస్యం చేసేవాడు, ముసలివాళ్ళు సాగదీస్తే ఆయనా సాగేవాడు. క్లిక్ ఎవరి కోసమూ ఆగదు. తర్వాతి వారం ఆ వేలాడే మైకు నుంచి కొంచెం సౌండ్ బ్రదర్ చెవిలోకి కూడా ఇచ్చాను, ముందుగా ఏమీ చెప్పలేదు. రెండో పాట మధ్యలో ఆయన మిక్సర్ వైపు చూశాడు. ఆరాధన అయ్యాక వచ్చి, "అన్నా, ఎవరూ పాడట్లేదు కదా" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.

కారణం ఏదో లోతైన ఆత్మీయ సమస్య అయ్యుంటుందని, ఉపవాస ప్రార్థన పెట్టాలని ఒకరన్నారు. పెట్టాం, మంచిదే. కానీ కారణం సగం స్కేలు, అంటే పాట ఎత్తుకునే శ్రుతి. యూట్యూబ్‌లో ఒరిజినల్ ఏ స్కేల్లో ఉంటే మనవాళ్ళు అదే స్కేల్లో ఎత్తుకుంటారు, అది స్టూడియోలో మంచి గొంతున్న సింగర్ కోసం పెట్టింది, షుగరూ మోకాళ్ళ నొప్పులూ ఉన్న యాభై ఏళ్ళ మనిషి అనుపల్లవి దగ్గరే చేతులెత్తేస్తాడు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ మూడుసార్లు కిందికి నొక్కితే అయిపోయే పని. మిగతా సగం నా చేతిలో ఉన్న ఫేడర్, సౌండ్ పెంచే తగ్గించే మీట. స్పీకర్లు అంత మోత పెడితే మనిషికి తన గొంతే వినపడదు, తన గొంతు వినపడనివాడు పాడడు. ఎంత పెంచితే అంత అభిషేకం అనుకునేవాళ్ళం. తగ్గించాను. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా సంతోషించాడు.

వారానికి ఒక పాత కీర్తన కూడా మొదలుపెట్టాం, స్లైడ్ వేయకుండా. స్లైడ్ మీద రెండేసి లైన్లు వచ్చి మాయమవుతుంటే పాట మనసులో నిలవదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో అయితే పాట మొత్తం కళ్ళ ముందు ఉంటుంది, పైన రాగం, తాళం వేసి ఉంటాయి. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) అలా రాగతాళాల్లో కట్టి పాడబట్టే చదువు రాని వాళ్ళకు కూడా బైబిలు బోధ నోటికి వచ్చింది. మా పెద్దమ్మ మెదక్ దగ్గర పల్లెలో పుట్టింది, సంతకం పెట్టడం పెళ్ళయ్యాక నేర్చుకుంది, కీర్తనలు మాత్రం ఎన్నో కంఠతా వచ్చు. మొదటి వారం కుర్రాళ్ళు దిక్కులు చూశారు. కొత్త పాటలు ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు, బైబిల్లోని కీర్తనల గ్రంథంలోనే "క్రొత్త కీర్తన" అనే మాట ఎన్నిసార్లుందో.

మొన్న వైరల్ జ్వరం వచ్చి, తగ్గాక కూడా అందరికీ అంటించడం ఎందుకని చర్చికి వెళ్ళకుండా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. మిక్సర్ దగ్గర తమ్ముడు కూర్చున్నాడు. స్టీలు గ్లాసు, ఫోన్, కానుక కవరు. మా లైవ్ 20 సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అంటే ఇక్కడ పల్లవి మొదలయ్యేసరికి అక్కడ చరణంలో ఉంటారు. సౌండ్ ఏమంత గొప్పగా లేదు, ఎవరో దగ్గుతున్నారు, పిల్లాడు ఏడుస్తున్నాడు, నా చెయ్యి అలవాటుగా ఫేడర్ కోసం వెతికింది. కీర్తన వచ్చింది. నేను అందుకోబోతే పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆగు. ఎనక బెంచీ ముసలాయన ఇంకా అందుకోలే."

ఆగాను. అందరూ మొదటి పాదం సగానికి వెళ్ళాక, ఫోన్‌లో దూరంగా, శ్రుతి కొంచెం కిందికి, ఒక గొంతు ఈడ్చుకుంటూ వచ్చి కలిసింది. పెద్దమ్మ అతనితో పాటు ఎత్తుకుంది.