ఒడ్డు నుంచి స్నార్కెలింగ్: వెట్‌సూట్, బూట్లు నేనెలా ఎంచుకున్నాను

స్నార్కెలింగ్ అంటే మాస్క్ పెట్టుకుని, స్నార్కెల్ అనే గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీటి మీద బోర్లా తేలుతూ అడుగున ఉన్నవి చూడటం. పడవ నుంచి నీళ్లలోకి దిగేవాళ్లకీ, ఒడ్డు నుంచి నడిచి వెళ్లేవాళ్లకీ కావలసిన సామాను ఒకటి కాదు. పడవైతే నిచ్చెన దిగి సరాసరి లోతులోకి వెళ్లిపోవచ్చు. ఒడ్డు నుంచి అంటే ముందు కాలే ఇసుక, తర్వాత నాచు పట్టిన రాళ్లు, ఆ పైన మోకాళ్ల దగ్గర వచ్చి విరిగే అలలు. ఈదడం కంటే ఆ కాస్త దూరం నడవడమే కష్టం. అందుకే చాలామంది ముందు సూట్ (నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు దుస్తులు) చూస్తే, నేను కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాను. ముందు బూట్లు, వాటిని బట్టి ఫిన్స్ (ఈదడానికి కాళ్లకి తొడుక్కునే రెక్కలు), ఆ తర్వాతే సూట్.

ఫిన్స్‌లో రెండు రకాలున్నాయి. పాదం మొత్తాన్ని మూసేసేవి ఒక రకం. మడమ వెనక పట్టీ ఉండి, బూటుతో సహా తొడుక్కునేవి రెండో రకం. మొదటివి తేలిగ్గా ఉంటాయి, తన్నిన బలం వృథా పోదు. మెత్తటి ఇసుక తీరమైతే నేనూ వాటినే తీసుకునేవాణ్ని. కానీ ఫిన్స్ వేసుకుని రాళ్ల మీద నడవలేం, నడుము లోతు దాకా వెళ్లాకే వేసుకోవాలి. అంటే అక్కడిదాకా వట్టి కాళ్లే. రాళ్ల సందుల్లో సీ అర్చిన్లు (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్ర జీవులు) ఉంటాయి, వాటి ముల్లు గుచ్చుకుంటే చర్మం లోపలే విరిగిపోతుంది. రాళ్లకు అంటుకున్న బార్నకిల్స్ అనే చిన్న జీవుల పెంకులు అరికాలిని కోసేస్తాయి. నేను వెళ్లేది రాళ్ల తీరాలకే కాబట్టి రెండో రకం ఫిన్స్, వాటితో నియోప్రీన్ (నురుగు లాంటి రబ్బరు) బూట్లు అని తేల్చుకున్నాను. నియోప్రీన్ సాక్సులు కూడా చూశాను. ఫిన్ రాపిడి నుంచి కాపాడటానికి బాగానే ఉంటాయి కానీ సోల్ ఉండదు, రాళ్ల మీద పనికిరావు.

బూట్లు చూడటానికే ఎక్కువ సేపు పట్టింది. ముందు సోల్ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాను. లోపల పెట్టిన రెండో చేతికి ఆ నొక్కు స్పష్టంగా తెలిస్తే, రాయి మొన కూడా అరికాలికి అలాగే తెలుస్తుంది. మరీ మొద్దు సోల్ అయినా చిక్కే, ఫిన్‌లోకి దూరదు. తర్వాత సైజు. వేళ్లు ముందు అంచుకి తగిలీ తగలనట్టు ఉండాలి, ముడుచుకోకూడదు. మడమ దగ్గర ఖాళీ ఉంటే అక్కడ ఇసుక చేరి చర్మం ఒరుసుకుపోతుంది. తడిస్తే నియోప్రీన్ కొంచెం వదులవుతుంది కాబట్టి, పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా అనిపించిన జతనే తీసుకున్నాను. చీలమండ పైదాకా వచ్చి పక్కన జిప్పు ఉన్న రకం అది. పొట్టి బూట్లలో అల కొట్టినప్పుడల్లా గులకరాళ్లు దూరతాయి. ఆ బూట్లతోనే ఫిన్స్ వేసి చూశాను. బూటు లేకుండా ఫిన్ సైజు చూసుకోవడం దండగ.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఎంత మంచి సోల్ అయినా, రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ అనే చేప విషపు ముల్లుని ఆపుతుందని భరోసా లేదు. ఇసుక అడుగున, తోకకి ముల్లుండే టేకు చేపలు (స్టింగ్‌రేలు) కూడా పడుకుని ఉంటాయి. అందుకే పాదం ఎత్తి వేయకుండా నేల మీద జరుపుకుంటూ నడుస్తాను. ఆ కదలికకి టేకు చేప ముందే పక్కకి తప్పుకుంటుంది.

ఇక సూట్. నీరు మన ఒంట్లో వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. పైగా స్నార్కెలింగ్‌లో మనం పెద్దగా కదలం, బోర్లా తేలుతూ చూస్తుంటాం. గబగబా ఈదే మనిషికి హాయిగా ఉండే నీళ్లే మనకి అరగంటలో వణుకు తెప్పిస్తాయి. మామూలు లెక్క ఇలా ఉంటుంది: నీళ్లు 27 డిగ్రీల సెల్సియస్ దాటితే రాష్ గార్డ్ అనే పల్చటి ఈత చొక్కా, 24 నుంచి 27 మధ్య 2 లేదా 3 మిల్లీమీటర్ల మందం సూట్, అంతకంటే చల్లనైతే 5. నాకు చలి తొందరగా ఎక్కుతుంది, నీళ్లలో ఎక్కువ సేపు ఉండాలనీ ఉంటుంది. అందుకని 3/2 తీసుకున్నాను, అంటే ఛాతీ, నడుము దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్లకీ 2. మందం పెరిగిన కొద్దీ తేలడం ఎక్కువవుతుంది. పైనే ఉండి చూసేవాళ్లకి అది మేలే కానీ, కిందికి మునగాలంటే బరువు కట్టుకోవాల్సి వస్తుంది. కాళ్లూ చేతులూ పూర్తిగా కప్పేదే ఎంచుకున్నాను. బోర్లా తేలేటప్పుడు పిక్కలూ మోకాళ్ల వెనక భాగమూ విపరీతంగా కమిలిపోతాయి. ఒళ్లు కప్పుకుంటే సన్‌స్క్రీన్ కూడా తక్కువ వాడొచ్చు. పగడాలకి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుంచి ఆపేసింది కూడా.

లోపలికి దూరిన నీరు వేడెక్కి మనల్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కాపాడేది నియోప్రీన్ నురుగులో చిక్కుకున్న గ్యాస్ బుడగలు. ఒళ్లు తడిసినా వెచ్చగా ఉండొచ్చని 1950ల మొదట్లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ గ్రహించడంతోనే ఈ సూట్లు మొదలయ్యాయి. కాబట్టి లోపలికి కొత్త చల్లటి నీరు ఎంత తక్కువగా వస్తే అంత మంచిది. అది సూట్ ఒంటికి ఎంత సరిగ్గా పట్టిందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ట్రయల్ రూమ్‌లో కాలికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని సూట్‌లోకి దూర్చాను, జారినట్టు వెళ్లిపోయింది. గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తటి భాగంతో కొంచెం కొంచెంగా పైకి లాగాను, లేకపోతే చిరుగుతుంది. తొడల మధ్య ఖాళీ లేకుండా సర్దుకున్నాకే భుజాలు ఎక్కించాను. తర్వాత చేతులు పైకెత్తి, గొంతుక్కూర్చుని చూశాను. చంకల్లో ముడతలు, నడుము వెనక గుంటలో ఖాళీ ఉంటే అక్కడే చల్లటి నీరు చేరుతుంది. ఒక సూట్ అంతా బాగుండి నడుము దగ్గర వదులుగా ఉంటే వదిలేశాను. మెడ బిగుతుగా ఉండాలి, కానీ ఊపిరి తీసుకోవడం కష్టమవకూడదు. స్నార్కెల్‌తో ఊపిరి తీసే మనకి ఇందులో రాజీ లేదు.

సముద్రంలో తెలిసినది ఇంకొకటుంది. సూట్ కాలి అంచు బూటు పైన ఉండాలి. బూటు లోపలికి దోపితే, ఒడ్డుకి వచ్చేటప్పుడు సూట్‌లోని నీరంతా బూట్లలోకి దిగి కాళ్లు బరువెక్కుతాయి. అలలు తోస్తున్నప్పుడు ఆ బరువుతో రాళ్ల మీద నిలబడటం ప్రమాదం. ఇంటికి రాగానే రెండింటినీ మంచినీళ్లతో కడిగి, తిరగేసి, నీడలో ఆరేస్తాను. సూట్‌ని భుజాల దగ్గర వేలాడదీస్తే సాగిపోతుంది, నడుము దగ్గర మడిచి వేస్తే చాలు.

గ్లోవ్స్ మాత్రం కొనలేదు. చేతికి గ్లోవ్ ఉంటే పగడాన్ని పట్టుకోవడానికి చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఒడ్డు నుంచి దిగేవాళ్లకి పేరుపడ్డ, కరీబియన్ సముద్రంలోని బొనైర్ దీవి మెరైన్ పార్కులో గ్లోవ్స్ వాడనివ్వరు, అది సరైన నియమం అనే నా అభిప్రాయం. బూట్లు వేసుకున్నా సరే, బతికున్న పగడం మీద మాత్రం కాలు పెట్టను. మాస్క్ సర్దుకోవాలంటే ఇసుక ఉన్న చోటుకి ఈదుకుంటూ వెళ్లి అక్కడే నిలబడతాను.