పటాంగ్‌లో చవక గది, అమ్మ, ఒక బకెట్

అమ్మతో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపానికి వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ ఒకే మాట అడిగారు. "అమ్మతోనా?" అందులో అంత ఆశ్చర్యపోవాల్సింది ఏముందో అక్కడి బీచ్ ఊరు పటాంగ్‌లో దిగిన రాత్రికి గానీ నాకు అర్థం కాలేదు.

2025 జూన్‌లో వెళ్ళాం. ఆ నెలలో అండమాన్ సముద్రం మీద నైరుతి రుతుపవనాలు జోరుగా ఉంటాయి. సీజన్ కాదు కాబట్టి గదులు చవక. మాకు రాత్రికి 750 బాత్‌లకు దొరికింది. బాత్ అప్పుడు రెండున్నర రూపాయల పైన ఉంది, అంటే దాదాపు రెండు వేలు. ఫొటోల్లో తెల్లటి పక్క, దాని మీద హంసలా మడిచిపెట్టిన టవల్, చిన్న బాల్కనీ. బీచ్‌కి ఐదు నిమిషాల నడక. నేనేం కళ్ళు మూసుకుని బుక్ చేయలేదు, రివ్యూలన్నీ చదివాను. "పక్కనే బంగ్లా రోడ్ ఉంది గానీ రాత్రి రెండు దాటితే నిశ్శబ్దం" అని ఒకాయన రాశాడు. బంగ్లా రోడ్ అంటే అక్కడి బార్ల వీధి. రెండింటి వరకే కదా, సర్దుకుందాం అనుకున్నాను. రాసింది ఎప్పుడో మాత్రం చూడలేదు. అది 2019 నాటి రివ్యూ.

బయల్దేరే ముందు ఇంకో పని ఉంది. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్ళే విదేశీయులందరూ టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచి నింపుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. కానీ ఫోన్‌లో వెతికితే డబ్బులడిగే సైట్లు బోలెడు కనిపిస్తాయి, వాటి జోలికి పోకుండా థాయ్ ఇమిగ్రేషన్ వాళ్ళ సైట్‌లోనే నింపాలి. అందులో హోటల్ అడ్రస్ కూడా అడుగుతారు. ప్రావిన్స్ ఫుకెట్, జిల్లా కథు అని నేను పైకి చదువుతుంటే అమ్మ వంటింట్లోంచి, "కథా? అప్పుడే మొదలైందా?" అంది.

విమానాశ్రయం ద్వీపానికి ఉత్తరపు కొసన ఉంది. అక్కడి నుంచి పటాంగ్ ముప్పై కిలోమీటర్ల పైనే. టాక్సీ రేటు విని గుండె ఆగినంత పనైంది, మనిషికి 200 బాత్‌లిచ్చి షేరింగ్ వ్యాన్ ఎక్కాం. సగం దారిలో ఒక ఆఫీసు ముందు ఆపి అందర్నీ దించారు. ఒకావిడ ఫైలు పట్టుకుని ఏ హోటల్, ఎన్ని రోజులు అని అడగడం మొదలుపెట్టింది. అమ్మ అది పోలీసుల తనిఖీ అనుకుని పాస్‌పోర్టు తీసి ఇచ్చేసింది. తీరా చూస్తే అది టూర్లు అమ్మే దుకాణం. పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని, "వద్దండీ" అని నవ్వి వచ్చి వ్యాన్‌లో కూర్చున్నాం. ఎవరైనా షేరింగ్ వ్యాన్ ఎక్కితే ఈ మజిలీకి సిద్ధపడి ఎక్కండి, కంగారు పడాల్సిందేమీ లేదు.

హోటల్ ఒక సోయ్‌లో ఉంది. సోయ్ అంటే సందు. రెండు దుకాణాల మధ్య ఇరుక్కున్న నాలుగంతస్తుల సన్నటి బిల్డింగు. లిఫ్టు లేదు. గడప దగ్గరే చెప్పులు విప్పాలి, ఆ ఒక్క విషయంలో అమ్మకి ఊరు నచ్చేసింది. కౌంటర్లో ముప్పై ఏళ్ళ అమ్మాయి పాస్‌పోర్టులు కాపీ తీసుకుంది. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఇమిగ్రేషన్‌కి చెప్పాలని అక్కడ చట్టం, టీఎం30 అంటారు. అది హోటల్ వాళ్ళ పని, మనం చేసేదేం లేదు. తర్వాత డిపాజిట్ అడిగింది: వెయ్యి బాత్‌లు, లేదంటే ఒక పాస్‌పోర్టు. పాస్‌పోర్టు మాత్రం ఎవరి దగ్గరా పెట్టకూడదని నా పట్టుదల. నోటు ఇచ్చి, గది నంబరు వేసిన రసీదు తీసుకుని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఆ రసీదు సంగతి చివర్లో చెప్తాను.

గది రెండో అంతస్తులో. అమ్మ మోకాళ్ళు తలుచుకుని నేను భయపడ్డాను గానీ, అక్కడ మన గ్రౌండ్ ఫ్లోర్‌నే ఒకటో అంతస్తు అంటారు. కాబట్టి ఒక్క వరస మెట్లే. ఆ సంతోషం తలుపు తీసేదాకానే. గదిలో తడిబట్ట మూట విప్పిన వాసన. ఏసీ వేసి అలాగే నడుం వాల్చాం. అరగంటకి అమ్మ కాలు మీద చుక్క పడింది. తర్వాత ఇంకోటి. కింద చెత్తబుట్ట పెడితే టప్ టప్ అని మొదలైంది, దాంట్లో టవల్ వేసి చప్పుడు ఆపాను.

అసలు చప్పుడు వేరే ఉంది. మా బాల్కనీ వెనక ఒక గోడ, ఆ గోడ అవతల బంగ్లా రోడ్ బార్లు. ఆ రోడ్డు మహా అయితే నాలుగు వందల మీటర్లు ఉంటుంది. సాయంత్రం కాగానే బండ్లు ఆపేస్తారు, ఇక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎవరి పాట వాళ్ళది. పాట వినిపించడం కాదు సమస్య, దాని దరువు మంచానికి ఎక్కుతోంది. బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణకడం నా కళ్ళతో చూశాను.

"ఎప్పుడాపుతారే?" అంది అమ్మ.

"రెండింటికి."

రెండు దాటింది. మూడయింది. అప్పుడు ఫోన్ తీసి వెతికితే తెలిసింది: 2023 డిసెంబరు నుంచి ఫుకెట్, బ్యాంకాక్, పట్టాయా లాంటి చోట్ల బార్లకు తెల్లవారుజామున 4 గంటల దాకా అనుమతి ఇచ్చారట. సరిగ్గా నాలుగున్నరకి ఊరంతా సద్దుమణిగింది. అది మా అమ్మ రోజూ లేచే టైము. లైటు వేసి, "ఇంకేం పడుకుంటాం, లే" అంది.

లేవగానే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చింది. "బకెట్ ఏదే?" బకెట్ లేదు, చెంబు లేదు. కమోడ్ పక్కన హ్యాండ్ షవర్ ఉంది కాబట్టి ఆ దిగులు లేదు గానీ, షవర్ కింద స్నానం ఆవిడకి స్నానం కాదు. నేను నిద్రమత్తులో ఉండగానే కిందికి వెళ్ళి కౌంటర్లో అమ్మాయిని "బకెట్, బకెట్" అని అడిగిందట. పటాంగ్‌లో బకెట్ అంటే అర్థం వేరు. చిన్న ప్లాస్టిక్ బకెట్‌లో మందు, ఐసు పోసి నాలుగు స్ట్రాలు వేసి ఇస్తారు. పొద్దున్నే జుట్టు ముడేసుకుని, బొట్టు పెట్టుకుని, చీర కట్టుకున్న అరవై ఏళ్ళావిడ వచ్చి బకెట్ అడిగేసరికి ఆ అమ్మాయి నోరు తెరిచి ఉంటుంది. అమ్మ నెత్తి మీద నీళ్ళు పోసుకుంటున్నట్టు సైగ చేశాక ఇద్దరూ ఒకటే నవ్వట. బకెట్‌తో పైకి వచ్చిన అమ్మ నాకు ఆ అమ్మాయి పేరు, పిల్లల వయసులు కూడా చెప్పింది. ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

తొమ్మిదింటికి నేను గొడవకి తయారై వెళ్ళాను. ఏసీ కారుతున్న వీడియో, రసీదు, బుకింగ్ కాగితం అన్నీ పట్టుకుని. రాత్రంతా నిద్ర లేదు, గొంతు కాస్త లేచింది. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ ఆ నవ్వు వెనక ఏదో తలుపు మూసుకుపోయినట్టయింది. "ఫుల్ ఖా, ఫుల్" అంది. ఖా అంటే మన "అండీ" లాంటిది. బుకింగ్ యాప్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు హోటల్‌నే అడగమన్నారు. నేను మూడోసారి వీడియో చూపిస్తుంటే అమ్మ నన్ను పక్కకు జరిపి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని పడుకున్నట్టు చూపించి, తర్వాత గుండె మీద గుప్పిటతో దబ్ దబ్ అని కొట్టుకుంది. అంతే. "ఓ, మే!" అంది ఆ అమ్మాయి. థాయ్‌లో మే అంటే అమ్మ. ఆ ఐదు రోజులూ ఇక అమ్మకి అదే పేరు. నాలుగో అంతస్తులో వెనక గది మధ్యాహ్నం ఖాళీ అవుతుందని చెప్పింది. బాల్కనీ లేదు, మెట్లెక్కాలి, అదే రేటు.

ఈసారి సామాను కిందే వదిలి ముందు గది చూడ్డానికి వెళ్ళాం. నిన్న చేయాల్సిన పని. నేను ఏసీ పది నిమిషాలు ఆడించి చూశాను, పరుపు అంచులు ఎత్తి నల్లుల మచ్చలు ఉన్నాయేమో టార్చి వేసి చూశాను, గడియ పడుతోందో లేదో చూశాను. అమ్మ పరీక్ష ఒక్కటే. అరచేతి వెనక వైపు గోడకి ఆనించి కాసేపు ఉంచింది, తీసి తన చెంపకి రాసుకుంది. "ఆరిన గోడే" అంది. అంతకుముందు గదిలో గోడ చెమ్మగా ఉండేదట, నాకు చెప్పనే లేదు.

మేం సామాను సర్దుకుంటుంటే పాత గదికి ఏసీ మెకానిక్ వచ్చాడు. కుతూహలం కొద్దీ నిలబడి చూశాను. బయట గోడ మీద వేలాడే సన్నటి పైపు చివర పంపు పెట్టి గట్టిగా లాగితే వేలెడంత జిగురు ముద్ద, చేప గుడ్ల సంచిలాంటిది, జారి పడింది. దాని వెనకే గ్లాసుడు నీళ్ళు. ఆ గాలిలో తేమ అంతా ఏసీలో నీరై ఆ పైపులోంచి బయటికి పోవాలి. తేమ ఎక్కువున్న ఊళ్ళో పైపులో నాచు పట్టి మూసుకుంటే నీళ్ళు గది లోపలికే కారతాయి. పది నిమిషాల పని. రాత్రే చెప్పి ఉంటే చేసేవాళ్ళేమో. కానీ దరువుకి మెకానిక్ లేడుగా.

పై గదిలో పాటలు వినిపించాయి గానీ దూరంగా ఎవరింట్లోనో పెళ్ళి జరుగుతున్నట్టు. నిద్ర పట్టింది. వేడినీళ్ళ కిటుకు మాత్రం మూడో రోజుకి గానీ దొరకలేదు. అక్కడి గీజర్లకు ట్యాంకు ఉండదు, నీళ్ళు పోతుండగానే కాగుతాయి. కుళాయి పూర్తిగా తిప్పితే గోరువెచ్చగా వస్తాయి, మరీ తగ్గిస్తే గీజరే ఆగిపోతుంది. సగానికి కాస్త తక్కువ దగ్గర ఒక చోటు ఉంది, అక్కడ అమ్మ నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టింది. బట్టలు ఆరవు, ఆ ఆశ వదిలేయండి. సందు చివర కిలో 50 బాత్‌లకు ఉతికి ఆరబెట్టి మడతపెట్టి ఇస్తారు.

సముద్రంలో దిగింది తక్కువే. ఒడ్డున ఎర్ర జెండాలు. అలలు పెద్దగా కనిపించని చోటే అసలు ప్రమాదమని గార్డు ఇసుకలో గీసి చూపించాడు: ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ ఒక కాలవలా అక్కడి నుంచే వెనక్కి పరుగెడతాయి, మనిషిని లాక్కుపోతాయి. లాగితే ఒడ్డు వైపు కాకుండా పక్కకు ఈదాలట. మేం చీలమండల దాకా తడుపుకుని వచ్చేశాం. తిరిగి వస్తుంటే అమ్మ ఒక నీలం బోర్డు దగ్గర ఆగింది, అలకు ముందు కొండ వైపు పరుగెడుతున్న మనిషి బొమ్మ. 2004 డిసెంబరు 26న సునామీ ఈ బీచ్ మీదికే వచ్చిందని చెప్పాను. ఆవిడ సందులోకి, మా బిల్డింగు వైపు చూసి, "నాలుగో అంతస్తే నయం" అంది. అప్పటిదాకా ఎక్కినప్పుడల్లా మెట్లు లెక్కపెట్టి నన్ను తిట్టిన మనిషి ఆ రోజు నుంచి నోరెత్తలేదు.

తిండికి ఇబ్బంది పడతామనుకున్నాను. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని ఉండే బండి ఒకటి దొరికింది. మాంసం, గుడ్డు, చేప సాస్ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఏకాదశి నాడు కూడా తినొచ్చని అమ్మ ధ్రువీకరించింది. పక్కన ఎటూ తను తెచ్చుకున్న ఆవకాయ ఉంది.

చివరి రోజు పన్నెండుకి ఖాళీ చేయాలి. కౌంటర్లో రసీదు ఇచ్చాను. ఆ అమ్మాయి పైకి ఫోన్ చేసింది, గది శుభ్రం చేసే ఆమె చూసి చెప్పాలి. గోడ మీద బొమ్మలతో జరిమానాల పట్టిక ఉంది: తాళం పోతే ఇంత, టవల్ పోతే 300, గదిలో ఘాటు వాసన కొట్టే డూరియన్ పండు తింటే అన్నిటికంటే ఎక్కువ. పై నుంచి కబురొచ్చింది, ఒక టవల్ తక్కువ. నేను గట్టిగానే చెప్పాను, మేం తీయలేదని. మొదటి గదిలో చెత్తబుట్టలో వేసిన టవల్ గుర్తొచ్చి, అదేనేమో చూడండి అన్నాను. చూశారు, అది లెక్కలోనే ఉంది. ఇంతలో అమ్మ నెమ్మదిగా సూట్‌కేస్ జిప్పు తీయడం మొదలుపెట్టింది.

"సీసా పగులుతుందని చుట్టానే" అంది.

తెల్ల టవల్ మధ్యలో అరచేయంత ఎర్రటి నూనె మరక. ఆ అమ్మాయి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, కళ్ళు పెద్దవి చేసింది, పట్టిక వైపు చూసింది. ఆవకాయకి అందులో బొమ్మ లేదు. కాసేపు ఆలోచించి డిపాజిట్ రసీదు చింపి, 700 బాత్‌లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది, టవల్ మడిచి అమ్మ చేతిలో పెట్టింది.