నాన్నకి గ్రీన్ టీ మాత్రలు

ఆదివారం, శ్రీకాకుళం

నాన్నకి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే జబ్బు, పల్మనరీ ఫైబ్రోసిస్. పొద్దున్న ఇడ్లీ తిన్నాక దానికి వాడే పిర్ఫెనిడోన్ మాత్ర వేసుకున్నారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పెడుతుంది. ఈ మందు వాడేవాళ్లకి ఎండ కూడా పడదు, చర్మం కమిలిపోతుంది. ఆదివారం వస్తే అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం మానని మనిషి ఎండకి దాక్కోవాల్సి రావడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎండ ముదరకముందే పొడుగు చేతుల చొక్కా వేయించి ఆటోలో తీసుకెళ్లాను. ఆటో దిగి గుడి దాకా నడవడానికే ఆయాసం. ఆగుతూ ఆగుతూ నడిచారు. స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగున తేనెపట్టు గళ్లలా కనిపించిన మచ్చలు ఇక పోయేవి కావు. ఉన్న మందు జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే.

ఇంటికొచ్చేసరికి బలగ నుంచి పిన్ని వచ్చి కూర్చుంది. చేతిలో గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రల డబ్బా.

"అమెరికాలో ఈ జబ్బుకి ఇదే ఇచ్చి చూశారంటమ్మా. బావగారికి వేద్దాం. ఆకు మందే కదా, చెరుపేం చేస్తుంది?"

పిన్ని మాటలో నిజముంది. శాన్ ఫ్రాన్సిస్కోలో బయాప్సీకి, అంటే పరీక్ష కోసం ఊపిరితిత్తి ముక్క తీయించుకోవడానికి, వెళ్లబోయే కొందరు రోగులకి, గ్రీన్ టీలో ఉండే ఈజీసీజీ అనే పదార్థాన్ని రోజుకి 600 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చారు. ఇవ్వనివాళ్ల ముక్కలతో పోలిస్తే, వాళ్ల ఊపిరితిత్తి ముక్కల్లో మచ్చ కట్టించే సంకేతాలు తగ్గాయని 2020లో ప్రచురించారు. అది చదివినప్పుడు నాకూ ఎంత ఆశ పుట్టిందో! కానీ రెండు వైపులా కలిపి 20 మందే. రెండు వారాల్లో ఎవరి ఆయాసం తగ్గిందో, ఎవరు ఎన్నాళ్లు బతికారో తేలదు కదా.

ఒకప్పుడు డాక్టర్లే ఈ జబ్బుకి మూడు మందులు కలిపి ఇచ్చేవారు, స్టెరాయిడ్‌తో సహా. మందు లేని ఉత్తి మాత్రతో పోల్చి పరీక్షిస్తే, ఆ మూడూ వాడినవాళ్లలోనే చావులు ఎక్కువని తేలి 2011లో మధ్యలోనే ఆపేశారు. ఆ పరీక్ష పెట్టకపోయుంటే నాన్నకీ అవే రాసేవారేమో. అందుకే ఆకైనా, వేరైనా పరీక్షకి నిలబడాలని నా పట్టు.

చెరుపు సంగతి కూడా ఉంది. ఈజీసీజీ మాత్రలు రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన వాడితే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తాయని యూరప్ ఆహార భద్రత సంస్థ 2018లో చెప్పింది. నాన్న వాడే మందుతోనూ కాలేయానికి ఇబ్బంది రావచ్చు, అందుకే తరచూ రక్త పరీక్షలు. రెండూ ఒకేసారి ఎలా వేస్తాం?

ఇదంతా చెప్తే పిన్ని మొహం చిన్నబోయింది. ఆ డబ్బా కోసం ఎంత తిరిగిందో! రక్త పరీక్ష రిపోర్టులతో పాటు డబ్బా కూడా డాక్టర్ గారికి చూపించి అడుగుదామన్నాను. "నేనూ వస్తాను" అంది.

నాన్న అంతా విని, "ఆ మందు పరీక్షేదో మన వైపు పెడితే నా పేరు రాయించు" అన్నారు.

"మీకు ఉత్తి మాత్ర పడొచ్చు నాన్నా. ఎవరికేది పడిందో ఇచ్చే డాక్టర్‌కీ తెలీదంట."

"పడనీ. ఎవరో ఒకరికి పడాలి కదా."

భోజనాలయ్యాక, మన దేశంలో జరిగే ప్రయోగాలు నమోదు చేసే సీటీఆర్ఐలో నాన్న జబ్బు పేరు కొట్టి వెతకడం మొదలుపెట్టాను. విశాఖలో దొరికితే మేలు. హైదరాబాద్ అయినా తీసుకెళ్తాను.