సెమీ క్రిస్మస్‌లో వాక్యం చెప్పి వచ్చాను: నా అనుభవం

రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చాను. రెండు శాలువాలు కప్పి పంపారు. అయినా ఒళ్లు మండుతూనే ఉంది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను బడిపంతుల్ని. మాది గుంటూరు వైపు లూథరన్ శాఖ క్రైస్తవ కుటుంబం. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఊళ్లో లేని ఆదివారాల్లో మా సంఘంలో (చర్చిలో) బైబిలు వాక్యం చెబుతుంటాను. అది విని, పక్క మండలంలో ఒక సంఘం వాళ్లు సెమీ క్రిస్మస్‌కి (పండగకి ముందే జరుపుకునే సభకి) వర్తమానం, అంటే ప్రసంగం, చెప్పమని పిలిచారు. సరేనన్నాను, ఫ్లెక్సీకి ఫొటో పంపాను. మైకు పర్మిషన్ సంగతి కమిటీ వాళ్లే స్టేషన్‌కెళ్లి చూసుకున్నారు.

సిద్ధపడటమూ కష్టం కాలేదు. బాల యేసును చూడ్డానికి కానుకలతో వచ్చిన జ్ఞానుల జోలికి పోదలచుకోలేదు. వాళ్లు ఎంతమందో సువార్తలో మత్తయి రాయనే లేదు. కానుకలు మూడు కాబట్టి మనం ముగ్గుర్ని చేసేశాం. పైగా వాళ్లు వచ్చింది ఇంట్లోకి, పశువుల పాకలోకి కాదు. ఇదంతా చెబితే ముగ్గురు పిల్లలకి అట్ట కిరీటాలు కుట్టిన సండే స్కూల్ టీచరమ్మ నొచ్చుకుంటుంది. పండగపూట ఆ తగువెందుకని లూకా సువార్త రెండో అధ్యాయం, గొర్రెల కాపరుల భాగం తీసుకున్నాను. ఆ అధ్యాయం మొదలయ్యేది కైసరు ఔగుస్తు జనాభా లెక్కల ఆజ్ఞతో. ఆ వెంటనే సిరియా అధిపతి కురేనియు పేరు. ఇంత పెద్దవాళ్ల పేర్లు రాసిన లూకా, యేసు పుట్టిన వార్త చెప్పే దేవదూతను మాత్రం రాత్రివేళ పొలంలో మంద కాచుకుంటున్న వాళ్ల దగ్గరికి పంపిస్తాడు. మా వైపు కోతలయ్యాక ఎరువు కోసం చేలల్లో మందలు కట్టించుకుంటారు కదా, అక్కడే పడుకునే కాపరుల్ని చూపిస్తూ చెబుదామనుకున్నాను.

కరపత్రంలో నా వర్తమానం ఏడున్నరకి. ఏడున్నరకి కీబోర్డు కుర్రాడు ఇంకా వైర్లు కలుపుతున్నాడు. తర్వాత చిన్నపిల్లల డాన్సు, యవ్వనస్థుల డాన్సు, స్త్రీల సమాజం పాట, క్రిస్మస్ తాత చాక్లెట్ల పంపకం. సెల్‌ఫోన్లు పట్టుకున్న తల్లిదండ్రులు స్టేజీకి అడ్డంగా నిలబడితే, వాళ్లని కూర్చోబెట్టడానికే సగం టైం పోయింది. తొమ్మిది దాటాక నన్ను పిలిచారు. పర్వాలేదనుకున్నాను.

కైసరు దాటి కాపరుల దగ్గరికి వచ్చానో లేదో, గేటు దగ్గర టపాకాయలు పేలాయి. స్థానిక నాయకుడొకాయన వచ్చాడు. కమిటీ చైర్మన్ పరుగున వచ్చి, ‘ఒక్క నిమిషం సార్’ అంటూ నా చేతిలో మైకు లాగేసుకున్నాడు. వాక్యం మధ్యలో! కొవ్వొత్తి, కేకు, శాలువాలు, ఫొటోలు, ఆయన ప్రసంగం, ఆయన వెంట వచ్చినవాళ్ల ప్రసంగాలు. అంతసేపూ నేను తెరిచిన బైబిలు పట్టుకుని స్టేజీ మీద ఓ మూల నిలబడ్డాను. దిగిపోవాలో ఉండాలో చెప్పే నాథుడు లేడు. ఒకాయన నన్ను ఫొటోలోంచి కాస్త పక్కకి జరగమన్నాడు కూడా.

నాయకుడు వెళ్లాక మైకు మళ్లీ ఇచ్చారు. మైకుతో పాటు ఒక చీటీ కూడా. కానుకల కవరు చించి రాశారు: ‘5 నిమిషాలు. మైకు టైం 10 వరకే.’ రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు కట్టెయ్యాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి, నిజమే. డాన్సులప్పుడు ఆ నిబంధన ఎవరికీ గుర్తు రాలేదేం? నేను నోరు తెరిచేలోపే రెండో చీటీ వచ్చింది. ‘భోజనాలు మొదలయ్యాయి. ఆశీర్వాదం చెప్పి ముగించండి.’ అభిషిక్తులైన అయ్యగారు ముందు వరసలో కూర్చుని ఉండగా నేను ఆశీర్వాదం చెప్పడమేమిటి? ఆయనా నావైపు బిక్కమొహం వేసుకుని చూశారు. సగం కుర్చీలు ఖాళీ. పందిరి అవతల బిర్యానీ గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు.

అయినా చెప్పాను. గొప్పలు కాదు గానీ, ఆ అయిదు నిమిషాలూ మిగిలినవాళ్లు కదల్లేదు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి, ‘మంద దగ్గర రాత్రి నిద్దరుండదయ్యా, నక్కలొస్తాయి. నువ్వు సరిగ్గానే చెప్పావు’ అన్నాడు. ఆయన క్రైస్తవుడు కాడు, బిర్యానీకి వచ్చినవాడు.

1842లో అమెరికా నుంచి మిషనరీగా ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచీ మా లూథరన్లకి ఆరాధన క్రమం అంటూ ఒకటుంది. పాఠాలు చదువుతారు, ఆ తర్వాత ప్రసంగం. మధ్యలో కలెక్టరు వచ్చినా కూర్చుని వినాల్సిందే. మా క్రమాన్ని పాతచింతకాయ పచ్చడి అని నవ్వే కుర్రాళ్లు ఇలాంటి సభకి ఒక్కసారి వాక్యం చెప్పడానికి వెళ్లి రావాలి.

మీలో ఎవరినైనా పిలిస్తే, కరపత్రంలో టైం నమ్మకండి. అతిథులెవరో ముందే అడగండి. వర్తమానం ఎక్కడ ఆపినా అర్థమయ్యేలా సిద్ధం చేసుకోండి, అసలు మాట మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పెయ్యండి. కేకు కోశాక మైకు ముట్టుకోకండి. శాలువా సంగతి మీ ఇష్టం.

పొద్దున్నే ఇంకో సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. కేకు కటింగ్ ఎన్నింటికని అడిగాను. కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.