హైస్మన్ ఎవరో తెలియక డైరెక్టరీ వెతికాను

డాలస్ వచ్చిన కొత్తలో ఓ సోమవారం పొద్దున్న మీటింగ్‌లో మా మేనేజర్ "ఈ రెండు వారాలూ ఫుల్ కోర్ట్ ప్రెస్" అన్నాడు. గుండె ఝల్లుమంది. కోర్టూ ప్రెస్సూ ఒకే మాటలో వినపడితే మనకి ఇంకేం గుర్తొస్తుంది? క్లయింట్ కేసు వేశాడేమో, పేపర్లోకి కూడా ఎక్కిందేమో అని, వీసా కాగితాలు ఏ ఫైల్లో పెట్టానా అనుకుంటూ కూర్చున్నా.

తీరా చూస్తే అది బాస్కెట్‌బాల్ మాట. 94 అడుగుల కోర్టులో మామూలుగా అయితే అవతలివాళ్లు బంతి తీసుకొచ్చేదాకా మన బాస్కెట్ వైపు కాచుకుని ఉంటారు. ప్రెస్ అంటే అలా కాదు, వాళ్లు గీత బయట నుంచి బంతి లోపలికి విసిరే క్షణం నుంచే మీద పడిపోవడం. 1964లో జాన్ వుడెన్ కోచ్‌గా యూసీఎల్‌ఏ కాలేజీ జట్టు మొదటిసారి ఛాంపియన్ అయినప్పుడు ఆడింది ఈ ఆటే. కాకపోతే ఆఫీసులో చిన్న తిరకాసుంది. ప్రెస్ చేసేదీ మనమే, రాత్రి పదకొండింటికి ఆయాసపడేదీ మనమే.

ఇంకోసారి సేల్స్ అతను కాఫీ మెషిన్ దగ్గర "వాళ్లు మనకి హైస్మన్ ఇచ్చారు" అన్నాడు. ఎవరో పెద్ద మేనేజర్ పేరనుకుని డైరెక్టరీలో వెతికాను, దొరకలేదు! పక్క సీటతను పొట్ట పట్టుకుని నవ్వి ఫోన్లో ఫొటో చూపించాడు. కాలేజీ ఫుట్‌బాల్లో (వీళ్ల ఫుట్‌బాల్, మనది కాదు) ఏటా మేటి ఆటగాడికి 1935 నుంచి ఇస్తున్న ట్రోఫీ అది. కంచు బొమ్మ, ఓ చంకలో బంతి, రెండో చెయ్యి మీదకొచ్చేవాణ్ణి నెట్టేయడానికి బారుగా చాపి ఉంటుంది. హైస్మన్ ఇవ్వడమంటే అదే, దగ్గరికి రానివ్వకుండా తోసెయ్యడం.

ఆ చెయ్యి తర్వాత నేనూ చాలాసార్లు చూశాను. ఉద్యోగాలకి అప్లై చేస్తుంటే ఫారం చివర్లో ఓ ప్రశ్న ఉంటుంది, ఇప్పుడు గానీ ముందు ముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అని. నిజం చెప్పి అవునని కొట్టామా, గంట తిరక్కుండా ఎంతో మర్యాదగా మెయిల్. చదువుతుంటే ఆ కంచు చెయ్యే కళ్లముందు.

మనకి మాత్రం తక్కువా? ఇంటికి ఫోన్ చేసి "అక్కా, ఇవాళ క్లయింట్ నన్ను చెడుగుడు ఆడేసుకున్నాడే" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు, "తిన్నావా మరి?" అంటుంది.

ఓ రోజు లంచ్‌లో ఈ మాట నోరుజారి మేనేజర్ ముందు అనేశా. ఏంటది అన్నాడు. ఒక్కడివే అవతలి జట్టు వైపు వెళ్లాలి, కూత ఆపకూడదు, ఏడుగురు నీ కాలు ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తుంటారు అని చెప్పాను.

"ఊపిరి అయిపోతే?"

"అవుట్."

స్పెల్లింగ్ రాయించుకున్నాడు. తర్వాతి సోమవారం మీటింగ్‌లో "దిస్ ఈజ్ ఎ చెడ్గూడూ వీక్" అనేశాడు. పోయిన వారమే చేరిన కుర్రాడు గబగబా లాప్‌టాప్‌లో డైరెక్టరీ తెరిచాడు.